గోడ మీది చుట్టాలు

పోయిన శనివారం ఉదయం ఏడూ ఇరవైకి నేను కిందికి వెళ్తుంటే లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకుంది. బయట ఎవరూ లేరు. ఎవరో మీట నొక్కి, ఆలస్యమవుతోందని మెట్ల మీదుగా దిగిపోయి ఉంటారు. నేను అలవాటు కొద్దీ ఒక పక్కకు జరిగాను. సెలవు రోజుల్లో ఆ వేళకు ఆ అంతస్తులో ఎక్కేది ఆవిడ. ఇద్దరం దోహాలో మేముండే ముంతజా పార్కు చుట్టూ నడిచి, వచ్చేటప్పుడు కూరలు కొనుక్కుని వచ్చేవాళ్ళం.

ఆవిడ పోయి అప్పటికి పది రోజులు. ఇక్కడి ఆసుపత్రిలోనే పోయింది. కాగితాల పనులన్నీ అయ్యాక శవపేటికతో పాటు వాళ్ళాయన రాజమండ్రి వెళ్ళాడు. దోహా తెలుగువాళ్ళ గ్రూపుల్లో వచ్చిన సంతాపాలన్నీ చదివాను. చాలామంది దాదాపు ఒకటే రాశారు, మనిషి మంచిదే గానీ నోరు దురుసు అని. ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, అందరినీ అవమానించిందన్న సంగతి ఎవరూ పైకి రాయలేదు. కానీ అందరి మనసులోనూ ఉన్నది అదే. ఆ రోజు అక్కడ నేనూ ఉన్నాను. ఆవిడ అలా ఎందుకు చేసిందో ఆవిడ పోయేదాకా నాకు, సునీతకు, సునీత భర్త రవీందర్‌కు మాత్రమే తెలుసు. మొన్న సునీత ఫోన్ చేసి, "ఇంక దాసుడెందుకక్కా, చెప్పున్రి అందరికి" అంది. అందుకని రాస్తున్నాను.

ఆవిడ అనగానే నాకు ముందు చెప్పులు గుర్తొస్తాయి. మన ఇళ్ళలో చుట్టాలు లేచి "వెళ్ళొస్తామండీ" అన్న తర్వాతే అసలు మాటలు మొదలవుతాయి. గుమ్మం దగ్గర కొంతసేపు, లిఫ్టు దగ్గర ఇంకొంతసేపు. ఒకరు లిఫ్టు తలుపుకు కాలు అడ్డం పెట్టి నిలబడితే, లోపలున్నవాళ్ళు బయటున్నవాళ్ళకు పిల్లల మార్కులు చెబుతుంటారు. ఆవిడకు ఆ అలవాటు లేదు. వెళ్ళాలనిపించగానే లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయేది. మనం సగం చెప్పిన మాట మన దగ్గరే ఉండిపోయేది. మర్నాడు తనే ఫోన్ చేసి, నిన్న ఆపిన చోటి నుంచి చెప్పమనేది. అదేమిటని అడిగితే, "చెప్పులేసుకున్నాక మాట్లాడితే అబద్ధాలొస్తాయి అమ్మాయ్" అనేది.

ఎవరేం చెప్పినా ఆవిడ జవాబు ఒకటే. "సరే, తర్వాత?" కొత్త కారు కొన్నామన్నా అదే, మోకాళ్ళు నొప్పులన్నా అదే. కారు కొన్నవాళ్ళకు తర్వాత చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు చాలా ఉండేది. ఆవిడ మొత్తం వినేది.

ఎవరింటికి వెళ్ళినా ముందు వంటింట్లోకి వెళ్ళి, అడక్కుండానే గిన్నెలు కడగడం మొదలుపెట్టేది. ఎంత కలుపుగోలు మనిషో అనుకునేవారు. హాల్లో సోఫా మీద కూర్చోకుండా ఉండటానికి ఆవిడ కనిపెట్టిన ఉపాయమది. నాకు ఆ సంగతి అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

అంత విసుగున్న మనిషి శుక్రవారం భోజనాలకు ఎందుకు వచ్చేదంటే దానికీ కారణం ఉంది. మొదట్లో వాళ్ళు దోహాకు దూరంగా, ఫ్యాక్టరీల ఊరు మెసయీద్‌లో ఉండేవారు. ఆయన ఎరువుల ఫ్యాక్టరీలో అకౌంటెంటు, కంపెనీ క్వార్టర్సు. ఆయన డ్యూటీకి వెళ్ళాక మాట్లాడే మనిషి లేక, కిటికీలోంచి దూరాన చిమ్నీ మీద మంట చూస్తూ కూర్చునేదట. "మనుషులు విసుగే. కానీ నాకు కావాలి" అని ఒకసారి నాతో అంది. ఆవిడ తన గురించి చెప్పుకున్న మాటల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

శుక్రవారం భోజనాల సంగతి కొంచెం చెప్పాలి. ముంతజాలోనూ చుట్టుపక్కలా ఉండే ఏడెనిమిది తెలుగు కుటుంబాలం. మగవాళ్ళు ఇంజనీర్లు, అకౌంటెంట్లు. వారానికొక ఇంట్లో అందరికీ మధ్యాహ్న భోజనం. ఎవరి వంతు ఎప్పుడో గ్రూపులో పెట్టేది వసుంధర గారు. వంతు మార్చుకోవచ్చు గానీ తప్పించుకోవడానికి వీల్లేదు. భోజనాలయ్యాక మగవాళ్ళు శంషాబాద్ అవతల ప్లాట్ల ధరలు మాట్లాడుకునేవారు. ఆడవాళ్ళు కొత్త సోఫా గుడ్డ పట్టుకుని చూసేవారు. చివర్లో వసుంధర గారి అమ్మాయి పాడేది. ఆ పిల్ల తొమ్మిదో తరగతి. ఫోన్లో శ్రుతి పెట్టుకుని, కళ్ళు మూసుకుని పాడేది. మొదటి పాట అవగానే మర్యాదకు ఎవరో ఒకరు "ఇంకొకటి అమ్మా" అనేవారు. వసుంధర గారు అప్పటికే రెండో పాట పేరు చెప్పి ఉండేది.

ఇక ఆవిడ ఇంట్లో గోడ మీది బొమ్మ సంగతి. అల్ రయ్యాన్‌లో ఒక కాంపౌండులో ఫ్రెంచి కుటుంబమొకటి సామాన్లు అమ్ముకుని వెళ్ళిపోతోందని తెలిసి ఇద్దరం వెళ్ళాం. ఆవిడకు కావలసింది ఇస్త్రీ బల్ల. అది అప్పటికే అమ్ముడుపోయింది. గోడకు ఆనించి ఉన్న ఒక ఫ్రేము ముందు గొంతుక్కూర్చుని, ఆవిడ కాసేపు చూసి నవ్వడం మొదలుపెట్టింది. బయట మనుషుల మధ్య అంతసేపు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఇంటి ఫ్రెంచావిడ కూడా వచ్చి పక్కన కూర్చుని నవ్వింది.

అది లితోగ్రాఫు. రాతి పలక మీద బొమ్మ గీసి, దాంతో కాగితం మీద అచ్చు తీసే పాత పద్ధతి. నూటయాభై ఏళ్ళ పైమాటే అని ఆ ఇంటావిడ చెప్పింది. ఆ రోజుల్లో పారిస్ పత్రికల్లో ఇలాంటి బొమ్మలు వచ్చేవట, నాలుగు డబ్బులు సంపాదించుకుని మర్యాదస్తులమనుకునే ఇళ్ళ మీద వేళాకోళంగా. ఎవరో పత్రికలోంచి పేజీ కత్తిరించి దాచుకున్నారు. ఫ్రేము వెనక అట్ట తీసి చూపిస్తే, కాగితం వెనక వైపు ఏదో వార్త సగం ఉంది.

బొమ్మలో ఒక హాలు. మధ్యలో పియానో, దాని పక్కన ఒక పిల్ల నోరు తెరిచి, కళ్ళు పైకెత్తి పాడుతోంది. లావుపాటి తల్లి చేతులు కట్టుకుని, పాటను కాకుండా వినేవాళ్ళను చూస్తోంది. గోడ వారగా కుర్చీల్లో చుట్టాలు. ఒక ముసలాయన నిద్రపోయాడు, ఆయన నోరూ ఆ పిల్ల నోరంత తెరుచుకుని ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు విసనకర్ర చాటున మూడో ఆవిడ శాలువా చూస్తున్నారు. ఇంకొకావిడ తాగకుండా టీ కప్పు వాసన చూస్తోంది. తలుపు దగ్గర ఇంటాయన, వెళ్ళిపోబోతున్న ఒకాయన కోటు బొత్తాం పట్టుకుని ఆపుతున్నాడు. అడుగున ఫ్రెంచిలో రెండు వరుసలు. ఇంటావిడ చదివి అర్థం చెప్పింది. "అప్పుడే వెళ్ళిపోతున్నారా? మా అమ్మాయి ఇంకా రెండో పాట పాడలేదు." "అందుకేనండీ."

ఆవిడ దాన్ని తెచ్చి హాల్లో, భోజనాల బల్ల ఎదుట గోడకు తగిలించింది. శుక్రవారాలు వచ్చినవాళ్ళు దాన్ని గొప్ప ఇంట్లో సంగీత సభ అనుకున్నారు. ఒకరిద్దరు దాని ముందు నిలబడి ఫొటోలు కూడా దిగారు. ఏమిటండీ ఇది అని అడిగితే ఆవిడ, "ఇంటికి చుట్టాలొచ్చారు" అని అంతటితో వదిలేసేది. కింద రాసి ఉన్నదాని అర్థం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నాతో మాత్రం ఆడుకునేది. వంటింట్లో గిన్నెలు కడుగుతూ, ఇవాళ ఎవరు ఎవరో చెప్పేది. బొత్తాం పట్టుకున్నాయన ప్రతిసారీ వాళ్ళాయనే. టీ కప్పు వాసన చూసేది తను. మరి నేనెవరని అడిగాను. "నువ్వు కుర్చీల్లో లేవు. వెనకాల గోడకానుకుని ఒకావిడ నిలబడుంది చూశావా, ఎవరెవరు ఎవర్ని చూస్తున్నారో చూస్తూ? అది నువ్వు" అంది. వెళ్ళి చూస్తే నిజంగానే అలాంటి మనిషి ఉంది.

సునీతవాళ్ళది జగిత్యాల దగ్గర. రవీందర్ ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సివిల్ ఇంజనీరు. కూతురు పన్నెండో తరగతి. ఐదేళ్ళ కిందట జనవరిలో ఒక శుక్రవారం సునీత, కూతురు మాత్రమే భోజనానికి వచ్చారు. రవీందర్‌కు డ్యూటీ ఉందని, కారు సర్వీసింగుకిచ్చామని చెప్పింది. తిరిగి వెళ్ళేటప్పుడు నేను కార్లో దింపాను. ఆవిడ నా పక్కన కూర్చుంది. వాళ్ళుండే బిల్డింగు గేటు దగ్గర దింపి, మలుపు తిరిగి, కరక్ టీ కోసం ఒక కొట్టు ముందు ఆగాం. టీ చేతికొచ్చేలోపు తల్లీకూతుళ్ళు మళ్ళీ గేటు బయటికి వచ్చారు. రోడ్డు దాటి బస్టాపులో నిలబడ్డారు.

నేను కిటికీ దించబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "చూడకు. టీ తీసుకుని పోనివ్వు" అంది. 

మర్నాడు సునీతకు ఫోన్ చేసి, ఎక్కడున్నావో చెప్పు వస్తున్నాం అంది. అల్ రయ్యాన్‌లో పాత విల్లా అది. ప్లైవుడ్ గోడలు పెట్టి గదులుగా విడగొట్టి అద్దెకిస్తున్నారు. సునీతవాళ్ళకు ఒకటే గది. వంటిల్లు నాలుగు కుటుంబాలకు కలిపి ఒకటి. కూతురి పుస్తకాలు ఫ్రిజ్ మీద పేర్చి ఉన్నాయి. మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి సునీత జరిగింది చెప్పింది. రవీందర్ ఉద్యోగం పోయింది. కంపెనీ ఇల్లు, కంపెనీ కారు తిరిగి ఇచ్చేశారు. సామాన్లు సగం అమ్మేశారు. వసుంధర గారి భర్త మేనేజరుగా ఉన్న కంపెనీలో రవీందర్ ఇంటర్వ్యూకు వెళ్ళొచ్చాడు. ఆయన గట్టిగా చెబుతానని మాటిచ్చాడు. రవీందర్ ఇంకా పాత కంపెనీలోనే ఉన్నాడని ఆయన నమ్మకం.

"ఉద్యోగం ఊడినోనికి ఎవడిస్తడక్కా జీతం? ఇచ్చినా సగమే ఇస్తరు. లెటర్ చేతికొచ్చేదాక ఎవ్వరికి తెల్వద్దు. ఈ లోపల వీసా అయిపోయిందనుకో, పిల్ల పరీక్షలు ఇడ్సిపెట్టి పోవాలె మేము" అంది.

అది చెప్పి, అసలు గండం ఇంకోటి ఉందంది. రెండుసార్లు మార్చుకున్న శుక్రవారం వంతు ఈసారి మార్చే వీలు లేదు. వచ్చే శుక్రవారం ఆవిడ వంతు, ఆ పై శుక్రవారం సునీత వంతు. పిలవడానికి ఇల్లే లేదు.

ముగ్గురం కూర్చుని దారులు వెతికాం. ఏసీ పాడైందని చెబుదామన్నాను. అలాగైతే మా ఇంట్లో పెట్టుకుందాం, నువ్వు వంట చేసుకుని వచ్చెయ్, నేనొచ్చి గిన్నెలు మోసుకెళ్తా అంటుంది వసుంధర గారు. ఇల్లు మారామంటే కొత్తిల్లు చూడ్డానికి అందరూ వస్తారు. జ్వరమని చెబుదామంటే ఆవిడే వద్దంది. "జ్వరమంటే ఆపిల్ పళ్ళు పట్టుకుని ఎనిమిది కుటుంబాలూ తలుపు కొడతాయి." సునీత ఏడుస్తున్నదల్లా ఆ మాటకు నవ్వింది. మావాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. చిక్కంతా అందరూ సాయం చేయడానికి సిద్ధంగా ఉండటం వల్లే వచ్చింది.

లెటర్ ఎప్పుడొస్తుందని ఆవిడ అడిగింది. మూడు వారాలంటున్నారని సునీత చెప్పింది. ఆవిడ "సరే" అని లేచి చెప్పులేసుకుంది. ఆ రోజు "తర్వాత?" అనలేదు.

తర్వాతి శుక్రవారం ఆవిడ ఇంట్లో అందరం చేరాం. గోంగూర మటన్ వండింది, పెరుగు గారెలు చేసింది. రవీందర్ డ్యూటీ చొక్కాతో వచ్చాడు, సైటు నుంచి నేరుగా వచ్చినట్టు. భోజనాలయ్యాయి. వసుంధర గారి అమ్మాయి ఒక పాట పాడింది, బాగానే పాడింది. చప్పట్లయ్యాక వసుంధర గారు సునీత వైపు తిరిగి, వచ్చే వారం ఇక తప్పించుకోలేవు, మీ ఇల్లు చూసి ఎన్నాళ్ళయిందో అంది. లొకేషన్ గ్రూపులో పెట్టమంది, కొత్తగా వచ్చిన వాళ్ళకు దారి తెలియదని.  సునీత పెడతానంది. ఆ పిల్ల రెండో పాటకు ఫోన్లో శ్రుతి సరిచేసుకుంటోంది.

ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గోడ మీది ఫ్రేము దించి, గిన్నెలు పక్కకు జరిపి, బల్ల మీద నిలబెట్టింది. ఈ బొమ్మేమిటని అడుగుతుంటారుగా, ఇవాళ చెబుతా రండి అంది. అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

ముందు తనతోనే మొదలుపెట్టింది. ఈ టీ కప్పు వాసన చూసేది నేను, ఎవరింట్లో ఏం పెట్టినా వంక పెడతాను అంది. బొత్తాం పట్టుకున్నాయన మా ఆయన, ప్లాటు కథ రెండోసారి వినందే ఎవర్నీ గుమ్మం దాటనివ్వడు అంది. అందరూ నవ్వారు, వాళ్ళాయనా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆవిడ ఒక్క క్షణం ఆగడం నేను గమనించాను. నవ్వుతో ముగిస్తే వచ్చే శుక్రవారం ఆగదు.

అప్పుడు విసనకర్ర చాటున ఉన్నవాళ్ళను చూపించి, ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు చెప్పింది. వాళ్ళు ఎవరి గొలుసు గురించి ఏమన్నారో, ఆ గొలుసు వేసుకున్నావిడ అక్కడ ఉండగానే చెప్పింది. నిద్రపోతున్నాయన ఎవరో చెప్పింది. చివరికి కింద రాసి ఉన్నది చదివింది. అప్పుడే వెళ్ళిపోతున్నారా, మా అమ్మాయి ఇంకా రెండో పాట పాడలేదు. అందుకేనండీ.

శ్రుతి ఇంకా మోగుతోంది. ఆ పిల్ల ఫోన్ నొక్కి ఆపేసింది.

వసుంధర గారు లేచి నిలబడింది. గొంతు పెంచకుండానే అడిగింది. "అక్కగారూ, ఇన్నాళ్ళూ మా గురించి మీరు అనుకుంటున్నది ఇదేనా?"

"ఇదే" అంది ఆవిడ.

"అన్నం పెట్టి ఈ మాటలంటారా మమ్మల్ని?"

"అన్నం పెట్టకపోతే మీరంతా ఒక్కచోట దొరకరు కదా."

ఆ రోజు గుమ్మం దగ్గర ఎవరూ నిలబడలేదు. లిఫ్టు తలుపుకు ఎవరూ కాలు అడ్డం పెట్టలేదు. వెళ్తూ వెళ్తూ వసుంధర గారు సునీత భుజం మీద చెయ్యి వేసి, నీ వంతు పాడైపోయిందమ్మా, ఏమీ అనుకోకు, నాకింక ఎవరింటికీ వెళ్ళాలని లేదు అంది. సాయంత్రానికి గ్రూపులోంచి ఒక్కొక్కరే తప్పుకున్నారు.

అందరూ వెళ్ళాక నేను గిన్నెలు కడిగాను. ఆవిడ బొమ్మను మళ్ళీ మేకుకు తగిలించి, వంకరగా ఉందేమోనని వెనక్కి జరిగి చూసుకుంది. వేరే దారేదీ లేదా అని అడిగాను.

"ఉండే ఉంటుంది. నాకు తట్టలేదు."

"అవన్నీ మీరు నిజంగానే అనుకుంటున్నారా?"

"కొంచెం నిజం లేకపోతే వాళ్ళకు కోపమెందుకొస్తుంది అమ్మాయ్? పిల్ల సంగతే బాగా లేదు" అంది.

ఇక్కడ వారం సెలవులు శుక్ర, శనివారాలు. ఆ ఆదివారం స్కూలు వదిలే వేళకు గేటు దగ్గరికి వెళ్ళి, వసుంధర గారి అమ్మాయికి క్షమాపణ చెప్పుకుంది. నేను అదే స్కూల్లో లైబ్రరీ చూస్తాను కాబట్టి కిటికీలోంచి కనిపించింది. ఆవిడ ఏదో చెబుతోంది, పిల్ల తల వంచుకుని బ్యాగు పట్టీ తిప్పుతోంది. ఏమందని తర్వాత అడిగాను. "పర్లేదాంటీ అంది. పర్లేదని నాకనిపించలేదు" అంది.

రవీందర్‌కు లెటర్ నాలుగో వారంలో వచ్చింది. వసుంధర గారి భర్త మాట నిలబెట్టుకున్నాడు. సునీత కూతురు పరీక్షలు ఇక్కడే రాసింది. వాళ్ళు మళ్ళీ ఒక ఫ్లాటులోకి మారారు. సునీత ఆవిడ కాళ్ళ మీద పడినంత పని చేసి, నేనే అందరికీ చెప్తానంది. ఆవిడ ఒప్పుకోలేదు. ఇప్పుడు చెబితే వసుంధర వాళ్ళాయన్ని మోసం చేసి ఉద్యోగం తెచ్చుకున్నట్టవుతుంది, మీ ఆయన రోజూ ఆయన ముఖం చూడాలి అంది. నాకూ అదే హెచ్చరిక. రవీందర్ వేరే కంపెనీకి మారేసరికి అది పాత సంగతైపోయింది. దాన్ని కదపడం ఆవిడకు ఇష్టం లేకపోయింది.

ఆ తర్వాత ఆవిడను భోజనానికి పిలిచింది మేమూ సునీతవాళ్ళే. మిగతావాళ్ళు సూపర్ మార్కెట్లో కనిపిస్తే తల ఊపి వెళ్ళిపోయేవారు. గొలుసు వేసుకున్నావిడ అదీ చేసేది కాదు. ఆవిడ మాత్రం నడకలో వాళ్ళందరి సంగతులూ నన్ను అడిగేది. ఎవరికి బదిలీ అయింది, ఎవరి మోకాళ్ళు ఎలా ఉన్నాయి, వసుంధర అమ్మాయి ఏ కాలేజీలో చేరింది. నేను చెబుతుంటే "సరే, తర్వాత?" అనేది. నా దగ్గర అయిపోయినా ఇంకోసారి అడిగేది. శుక్రవారం మధ్యాహ్నాలు టీవీ సౌండు పెంచుకునేదని వాళ్ళాయన చెప్పాడు. మెసయీద్‌లో కూడా అలాగే చేసేదట.

ఆవిడ పోయిన వారానికి సునీత వసుంధర గారింటికి వెళ్ళి మొత్తం చెప్పింది. ఆ సాయంత్రమే వసుంధర గారు నాకు ఫోన్ చేసింది.  "నాకు ముందే చెప్పుంటే నేనేమన్నా అనేదాన్నా? మా ఆయనకు చెప్పకుండా ఉండేదాన్ని కాదా?" అని అడిగింది.

ఉండేదేమో. ఆ రోజు ఆ విల్లాలో మంచం మీద కూర్చున్న ముగ్గురిలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. వసుంధర గారిని అడిగి చూద్దామని మేమెవరం అనలేదు. ఆ మాటే వసుంధర గారితో చెప్పాను.  

శుక్రవారం భోజనాలు మళ్ళీ మొదలుపెడదామని ఈ ఏళ్ళ మధ్యలో ఒకరిద్దరు అనుకున్నారు గానీ, ఎవరింట్లో మొదలుపెట్టాలో తేలలేదు. రెండు కుటుంబాలు దేశం వదిలి వెళ్ళిపోయాయి. ముంతజాలో మావాళ్ళు ఇప్పుడు శుక్రవారం వంతులు పెట్టుకోవడం లేదు. ఎవరింట్లో వాళ్ళం తింటున్నాం.